గోడా, గడియారమూ

నిలబడడం కూడా ఒక పనే అని మీరెప్పుడైనా అనుకున్నారా? నేను అనుకోలేదు. నలభై దాటిన ఈ వయసు వరకూ పొయ్యి దగ్గర నిలబడ్డాను, రేషన్ షాపు దగ్గర నిలబడ్డాను, చిలకపాలెం జంక్షన్లో బస్సు కోసం కాళ్ళు పీకేదాకా నిలబడ్డాను. విసుక్కున్నాను గాని, దాన్ని పనుల లెక్కలో ఏనాడూ వెయ్యలేదు. వంట చేశాను, బట్టలుతికాను అంటాం గాని, "ఇవాళ నాలుగు గంటలు నిలబడ్డాను" అని ఎవరైనా చెప్పుకుంటారా?

ఆ లెక్క నాకు నేర్పింది మా అన్నయ్య కూతురు.

అన్నయ్యావాళ్ళది పాలకొండ. పిల్లకి ఇక్కడ ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో పీజీ సీటు వచ్చింది. అత్త ఇల్లుండగా హాస్టలెందుకని మా ఇంట్లోనే దింపి వెళ్ళారు. చక్కని పిల్ల. పచ్చని ఛాయ, నిండైన బుగ్గలు. చూస్తే జబ్బు మనిషని ఎవరూ అనరు. ఆ పిల్ల చేసుకున్న పాపమల్లా అదే.

వచ్చిన వారానికే నాకు కొన్ని కొత్తగా కనిపించాయి. కూరలు తరగమంటే చక్కగా తరిగేది, పొయ్యి దగ్గరికొచ్చేసరికి స్టూలు తెచ్చుకుని కూర్చునేది. వేణ్ణీళ్ళ స్నానం చేసి వస్తే పావుగంట మంచమెక్కి పడుకునేది. ఒకరోజు తిన్న వంకాయకూర ఇంకోరోజు తింటే మొహమంతా మందారంలా ఎర్రబడి, మెడ మీద దద్దుర్లు లేచేవి. బస్సులో సీటు దొరక్కపోతే ఆ బస్సు వదిలేసి తర్వాతి బస్సుకి వెళ్ళేది. "గుండె దడదడలాడుతోందత్తా" అనేది. "పరీక్షలొస్తున్నాయిగా" అనేదాన్ని నేను.

డాక్టర్లకి చూపించలేదా అంటే చూపించాం. ఇసిజి తీశారు, బాగుంది. రక్తం బాగుంది. థైరాయిడ్ బాగుంది. అన్నీ బాగున్నాయంటే మనిషి బాగున్నట్టే కదా! "టెన్షన్ తగ్గించుకోమ్మా" అన్నారొకరు. "పెళ్ళి చేసెయ్యండి, అన్నీ సర్దుకుంటాయి" అన్నారింకొకరు. ఆడపిల్ల జబ్బుకి పెళ్ళి మందని చెప్పడం మనవాళ్ళకి కొత్తేమీ కాదు. గ్రీకు వాళ్ళూ అదే చెప్పారట. హిస్టీరియా అన్న మాటకి మూలం వాళ్ళ భాషలో గర్భసంచి పేరే.

మా ఇంట్లో పనిచేసే మనిషి మాత్రం ఒకనాడు అంట్లు తోముతూ నాతో అంది. "ఆ గుంట కాళ్ళు సూసినారా అమ్మగోరూ? నిలబడితే సాలు, నేరేడుపండు నాగైపోతన్నాయి. గుంట నిజంగానే నిలబడ్నేకపోతంది."

నేను చూడలేదు. ఇంట్లో వున్న మనిషి కాళ్ళు ఎవరు చూస్తారు?

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్తాను. శ్రావణమాసం, వరలక్ష్మీవ్రతం. ఉక్కపోత, గదినిండా పేరంటాళ్ళు, సాంబ్రాణి పొగ. హారతి వేళకి అందరూ లేచి నిలబడ్డారు. ఈ పిల్ల గోడకి జేరబడి కూర్చునే వుంది. ఒకావిడ నావైపూ, పిల్లవైపూ చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు నాకు తగిలింది. "హారతికి కూడా లేవలేవుటే?" అన్నాను, అందరూ వినేలాగే. పిల్ల మారు మాట్లాడకుండా లేచింది. ఎవరో తాంబూలం పళ్ళెం చేతికిచ్చారు. హారతి ఇంకా పూర్తవలేదు, పళ్ళెంతో సహా నేల మీద పడిపోయింది.

నీళ్ళు చల్లాం, పడుకోబెట్టాం, రెండు నిమిషాల్లో కళ్ళు తెరిచింది. నేను చెప్పుకోవలసింది అది కాదు. పిల్ల పడిన ఆ క్షణంలో నా మనసులో మెదిలిన మొదటి మాట ఏమిటో తెలుసా? "నామీద కోపంతో చేసింది" అని. ఆ మాట నేనెవరికీ చెప్పలేదు. కాని వచ్చిన మాట వచ్చింది. కథల్లో అత్తల చేత, ఆడపడుచుల చేత ఇలాంటి మాటలు అనిపించి, "ఎంత కర్కశురాలో!" అని పాఠకుల చేత తిట్టించిన మనిషిని నేను.

ఆ తర్వాత విశాఖపట్నం తీసుకెళ్ళాం. ఇక్కడినుంచి సుమారు వంద కిలోమీటర్లు. ఆ డాక్టరుగారు చేసిన పరీక్ష చూసి నేను తెల్లబోయాను. పిల్లని కాసేపు పడుకోబెట్టి నాడి చూశారు. నిమిషానికి 76. తర్వాత గోడకి ఆనించి నిలబెట్టి, కదలకుండా పది నిమిషాలు వుండమని, నిమిషం నిమిషానికీ లెక్కపెట్టారు. మూడో నిమిషానికి 110. ఎనిమిదో నిమిషానికి 124. బీపీ మాత్రం పడిపోలేదు. పడుకున్నప్పటి కంటే నిలబడ్డ పది నిమిషాల్లో నాడి 30కి పైన పెరిగి, బీపీ తగ్గకుండా, ఈ బాధలు మూడు నెలలకి మించి వుంటే దాన్ని పాట్స్ అంటారట. పోస్చురల్ ఆర్థోస్టాటిక్ టాకీకార్డియా సిండ్రోమ్. పేరు పొడుగే గాని పరీక్షకి కావలసినవి రెండే. ఒక గోడ, ఒక గడియారం.

మా ఇంట్లో గోడా వుంది, గడియారమూ వుంది.

డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. మనం లేచి నిలబడగానే అర లీటరుకి పైగా రక్తం కాళ్ళలోకీ పొట్టలోకీ దిగిపోతుంది. మామూలు మనుషుల్లో నరాలు చటుక్కున రక్తనాళాల్ని బిగించి దాన్ని పైకి నెడతాయి. ఆ బిగింపు సరిగా లేనివాళ్ళలో ఆ లోటు గుండె పూడ్చాలి. పాపం, పరుగెడుతుంది. అంటే మా పిల్ల హారతి కోసం నిలబడడమంటే, మనం డాబా మెట్లు ఎక్కుతూ దిగుతూ హారతి పాడడమన్నమాట.

మరి మొహం ఎర్రబడడం, దద్దుర్లు? అది ఇంకో కథ. మన చర్మంలోనూ, పేగుల్లోనూ, ఊపిరి వెళ్ళే దారుల్లోనూ మాస్ట్ కణాలని కాపలా కణాలుంటాయి. 1878లో జర్మనీలో పాల్ ఎర్లిక్ అనే ఇరవైనాలుగేళ్ళ వైద్య విద్యార్థి వాటికి ఆ పేరు పెట్టాడు. వాటి నిండా గింజల్లాంటివి కనిపిస్తే, ఇవి బాగా తిని బలిసిన కణాలు కాబోలనుకున్నాడు. జర్మన్లో ఆ మాటకి మేపడమని అర్థం. అవి తిండిగింజలు కావనీ, అందులో హిస్టమిన్ అనే ఘాటైన మందుగుండు వుందనీ తేలడానికి 1953 దాకా పట్టింది. నిండుగా కనబడితే సుఖంగా వున్నట్టే అని తీర్మానించడం మన పేరంటాళ్ళతోనే మొదలవలేదని నాకు కాస్త ఊరట కలిగింది.

ఈ కాపలావాళ్ళు కొందరిలో మతి తప్పిన గూర్ఖాలా ప్రవర్తిస్తారు. దొంగ వచ్చినా, పాలవాడు వచ్చినా, ఎండ పడినా, సెంటు వాసన సోకినా ఒకటే కేక. హిస్టమిన్ గుమ్మరిస్తారు. దాంతో మొహం ఎర్రబడుతుంది, దురద, కడుపునొప్పి, ఒక్కోసారి ఊపిరాడకపోవడం. హిస్టమిన్ రక్తనాళాల్ని వదులు చేస్తుంది. అసలే బిగింపు చాలని మనిషికి ఇది కూడా తోడైతే ఇక గుండె గతేమిటి? 2005లో అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వైద్యులు ఈ రెండూ జతగా వున్న రోగుల గురించి రాశారట. ఎంతమందిలో ఈ జత వుంటుందన్నది వైద్యులింకా వాదించుకుంటూనే వున్నారు. మా ఇంట్లో మాత్రం వుంది.

దాన్ని రుజువు చెయ్యడం ఇంకో ప్రహసనం. దాడి వచ్చిన నాలుగు గంటల్లోపు రక్తం తీసి ట్రిప్టేజ్ అనే పదార్థం చూడాలి. మళ్ళీ మనిషి కులాసాగా వున్నప్పుడు తీసి, రెండూ పోల్చాలి. దాడి మధ్యాహ్నం ఎచ్చెర్లలో వస్తుంది, పరీక్ష విశాఖపట్నంలో వుంటుంది. మొదటిసారి మేం కారు మాట్లాడుకుని చేరేసరికి పొద్దుపోయింది, రిపోర్టు నార్మల్ అని వచ్చింది. రెండోసారి దొరికింది. మొదటిసారి కూడా పిల్లకి ఊపిరాడకపోవడం అంతే నిజం. కాని ఆ రాత్రి నార్మల్ అన్న కాగితం చూసి వాళ్ళ నాన్న మొహంలో కదిలింది సంతోషమో అనుమానమో నేను చెప్పలేను.

ఈ రెండు జబ్బులూ సవతుల్లాంటివి. ఒకరికి పెట్టింది ఇంకొకరికి పడదు. గుండెదడ మనిషిని నీళ్ళు రెండు మూడు లీటర్లు తాగమన్నారు, ఉప్పు బాగా తినమన్నారు. (బీపీ వున్నవాళ్ళు ఇది చదివి ఉప్పుగిన్నె దగ్గరికి తీసుకోకండి!) ఉప్పంటే మనకి ఆవకాయ, ఎండుచేప. మా మండలానికి సముద్రం వుంది, బుడగట్లపాలెం నుంచి ఎండుచేపలకి లోటు లేదు. కాని నిలవబెట్టినవీ, ఎండబెట్టినవీ అయితే హిస్టమిన్ పెరుగుతుంది, కాపలావాళ్ళు కేకలేస్తారు. పోనీ, రక్తం కిందికి దిగకుండా కాళ్ళకి బిగుతు మేజోళ్ళు తొడగమంటే, ఆ ఒరుపుకీ వేడికీ దద్దుర్లు. పోనీ, దడ తగ్గడానికి అందరికీ రాసే మాత్రలున్నాయి కదా, అవైనా వేద్దామంటే, ప్రొప్రనలాల్ లాంటివి ఈ పిల్లకి ప్రమాదమన్నారు. ఎలర్జీ ముదిరి ప్రాణం మీదికి వచ్చినప్పుడు కాపాడే ఎడ్రినలిన్ ఇంజక్షన్ని ఆ మాత్రలు సరిగా పనిచెయ్యనివ్వవట. చివరికి ఏవో ఎలర్జీ మాత్రలు పూటపూటా, ఉప్పు వేసిన నిమ్మరసం వద్దని ఉప్పు నీళ్ళే, మంచం మీద పడుకుని చేసే వ్యాయామం. ఏది పడుతుందో ఏది పడదో పిల్ల ఒక నోటుబుక్కులో రాసుకుంటుంది. ఆ పుస్తకం నా నవలల కంటే లావైంది.

"పడదు" అన్న మాట చూడండి, ఎంత మంచి తెలుగు మాటో! ఎలర్జీ అన్న మాట పుట్టకముందే మనకి వుంది. మా మామగారు ఒకనాడు "నాకు వంకాయ పడదు" అన్నారు. అంతే, పన్నెండేళ్ళు మా ఇంటి గడప వంకాయ తొక్కలేదు. ఏం జరుగుతుందని, ఎక్కడ దద్దురు లేచిందని ఒక్కరూ అడగలేదు. అదే మాట కోడలంటే? "నోటికి రుచులు మరిగి" అంటారు. మాట ఒక్కటే, పలికిన నోటిని బట్టి అది జబ్బో, గారాబమో అవుతుంది.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో అంతర్యుద్ధం జరిగినప్పుడు డకోస్టా అనే డాక్టరు దగ్గరికి సైనికులు ఇలాగే వచ్చారు. కాస్త కదిలితే గుండెదడ, ఆయాసం, కళ్ళు తిరగడం. గుండె చూస్తే బాగానే వుంది. ఆయన 300 మందిని చూసి 1871లో పెద్ద వ్యాసం రాశాడు. లోకం దానికి "సైనికుడి గుండె" అని పేరు పెట్టింది. పేరులోనే ఎంత మర్యాద! ఇప్పటి వైద్యులు ఆ సైనికుల్లో చాలామందికి వున్నది పాట్స్ లాంటిదేమో అంటున్నారు. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది వయసులో వున్న ఆడవాళ్ళకి. వాళ్ళకి పాట్స్ అన్న పేరు దక్కింది 1993లో. ఈ మధ్య కాలమంతా వాళ్ళని ఏమని పిలిచారో నేను చెప్పనక్కర్లేదు. కరోనా వచ్చిపోయాక చాలామంది ఇలాగే నిలబడలేకపోవడంతో కొంత నయం, ఆ పేరు నలుగురి నోటా పడింది.

మా జిల్లాలోనే ఉద్దానం వుంది. అక్కడ కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇదీ కారణమని ఇప్పటికీ తేల్చలేదు. నీళ్ళని అనుమానించారు, మట్టిని అనుమానించారు. కారణం తెలియదు కాబట్టి జబ్బే లేదని అక్కడి మనిషితో ఎవరూ అనరు. 2023లో పలాసలో ఆసుపత్రి కూడా కట్టారు. ఎందుకంటే అక్కడ రక్తపరీక్షలో అంకె కనబడుతుంది. అంటే మనం మనిషిని నమ్మడం లేదు, అంకెని నమ్ముతున్నాం.

ఇక్కడే నాకు చిక్కు వచ్చింది. 124 అన్న అంకె వచ్చిన రోజునుంచి మా ఇంట్లో అందరూ మారిపోయారు. మా ఆయన బజారు నుంచి మడత స్టూలు తెచ్చారు. మా వదిన ఏడ్చింది. నేను పిల్లని పొయ్యి దగ్గరికి రానివ్వడం మానేశాను. ఒకరోజు పిల్ల అడిగింది. "ఆ అంకె 104 దగ్గర ఆగిపోయి వుంటే నేను అబద్ధాలకోరునేనా అత్తా?" నాకు జవాబు తోచలేదు. అంతకంటే, "రెండేళ్ళపాటు మీరంతా ఏమీ లేదు ఏమీ లేదంటుంటే, నాకే నామీద నమ్మకం పోయింది. కింద పడిన రోజు కూడా, నేను నిజంగా పడ్డానా, కావాలని పడ్డానా అని అనుకున్నాను" అంది. ఆ అనుమానం నాది. నేను నోరు విప్పి చెప్పకుండానే అది పిల్లలోకి ఎలా వెళ్ళిందో!

అలాగని బాధ చెప్పినవాళ్ళందరినీ నమ్మెయ్యాలా? అబద్ధాలు చెప్పేవాళ్ళు లేరా? వున్నారు. బడికి ఎగనామం పెట్టడానికి కడుపునొప్పి తెచ్చుకోని పిల్లాడున్నాడా? నేనే అత్తవారింట్లో మొదటి ఏడాది తలనొప్పి పేరు చెప్పి ఎన్ని మధ్యాహ్నాలు నిద్రపోయానో. కాని లెక్క వేసి చూశాను. అబద్ధం చెప్పిన మనిషిని నమ్మితే నాకు పోయేదేమిటి? ఒక పూట చాకిరీ. నిజం చెప్పిన మనిషిని నమ్మకపోతే పోయేది నాది కాదు, అవతలివాళ్ళది. నష్టం మనది కాదు గనకే మనకి అనుమానం అంత చవగ్గా దొరుకుతుంది.

ఇలా నేను నీతిమంతురాలినైపోయానని మురుసుకుంటూ వుండగా పెళ్ళి సంబంధం వచ్చింది. విజయనగరం వాళ్ళు. అబ్బాయి బ్యాంకులో పని. మా వదిన పరుగున వచ్చింది. "ఈ జబ్బూ గిబ్బూ వాళ్ళ దగ్గర ఎత్తకు. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. ఇక్కడ అబద్ధం కూడా ఆడనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. చూస్తే ఏమైనా తెలుస్తుందా?"

చూస్తే ఏమైనా తెలుస్తుందా! రెండేళ్ళు ఆ పిల్లని ఏడిపించిన మాటే ఇప్పుడు ఆ పిల్లకి వరమైంది. అంతవరకూ లేని జబ్బు, సంబంధం రాగానే దాచిపెట్టవలసిన జబ్బయింది. లేదన్నదీ మనమే, దాచమన్నదీ మనమే.

మా వదినని తప్పుపట్టలేను. ఆవిడ భయం ఆవిడది. అబ్బాయివైపు వాళ్ళు ముప్పై ఏళ్ళకే వచ్చిన సుగరు దాచరా, తాగుడు దాచరా? మనం మాత్రమే హరిశ్చంద్రుడి వంశమా అంది. అందులో న్యాయం లేకపోలేదు. కాని నేను పెళ్ళిపందిరి తలుచుకున్నాను. నలుగు, పట్టుచీర, మెడలో పూలదండలు, హోమం పొగ, వచ్చినవాళ్ళందరి దగ్గరా నిలబడి ఫొటోలు. పిల్ల శరీరానికి పడనివన్నీ వరసగా కూర్చి చేసిన క్రతువులా వుంది మన పెళ్ళి. ఆ రెండు రోజులు ఎలాగో గడిచినా, తర్వాత ఇంకో వంటింట్లో, ఇంకో అత్తగారి ముందు, ఇంకో హారతి వేళ, మళ్ళీ మొదటినుంచీ "ఏమీ లేదు" అనిపించుకోవాలి. అక్కడ గోడా గడియారమూ తెచ్చి చూపించేదెవరు?

నేను ఎటూ తేల్చుకోలేకపోయాను. తేల్చింది పిల్ల. వాళ్ళు వచ్చిన రోజు కాఫీలు నేనే ఇచ్చాను. కాబోయే అత్తగారు, పెద్ద మనిషే, "ఒకసారి లేచి నిలబడమ్మా, ఎత్తు చూద్దాం" అంది నవ్వుతూ. పిల్ల లేచింది, ఎత్తు చూపించింది. "ఎక్కువసేపు నిలబడలేనండి, కూర్చుని మాట్లాడతాను" అని కూర్చుని, వున్నదంతా చెప్పింది. మా వదిన లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళు మర్యాదగానే విన్నారు. ఉత్తరం... కాదు, ఫోను చేస్తామన్నారు. రెండు నెలలైంది.

మొన్న ఆదివారం పిల్లతో అరసవల్లి వెళ్ళాను. ఆరోగ్యం కావాలంటే సూర్యుణ్ణి అడగాలంటారు. మా పిల్లకి ఆయన ఎండే పడదు. అందుకే తెల్లవారకముందే బయల్దేరాం. అయినా క్యూ వుంది. నేను మడత స్టూలు పట్టుకున్నాను. క్యూ నాలుగడుగులు కదిలితే స్టూలు నాలుగడుగులు జరపడం, పిల్ల కూర్చోవడం. వెనకనుంచి ఎవరో, "వయసు పిల్ల కూర్చుంది, పెద్దావిడ నిలబడింది, కలికాలం" అన్నారు. నేను వెనక్కి తిరిగి, మాస్ట్ కణాల దగ్గరినుంచి మొదలెట్టబోయాను. పిల్ల నా కొంగు లాగి, "వద్దులే అత్తా" అంది.

మా వెనక ఒక ముసలమ్మ వుంది. తలనీలాలు ఇచ్చిన మనవణ్ణి చంకనేసుకుని వుంది. పిల్లని కిందికీ పైకీ చూసి, "గుంటకి బాగోనేదేటమ్మా?" అని నన్నడిగింది.

"బాగోలేదమ్మా" అన్నాను.

"అలాగైతే కూకోనీ" అని, మనవణ్ణి ఇంకో చంకకి మార్చుకుంది. ఏం జబ్బని అడగలేదు. క్యూ కదిలింది. నేను వంగేలోపు ఆవిడే కాలితో స్టూలు ముందుకి జరిపింది.